గాలి బాధ్యుడి కంప్యూటర్

చల్లటి గాలి లోపలికి రావాలి, వేడి గాలి బయటికి పోవాలి. మనిషి గుహలో నిప్పు రాజేసిన నాటి నుంచి నేటి వరకు గాలి గురించి తెలుసుకోవలసింది ఇంతే. కానీ ఇంతేనని ఒప్పుకుంటే స్వీడన్ దేశంలో చాలామంది ఉద్యోగాలు పోతాయి. పోయేవాటిలో మొట్టమొదటిది స్తెల్లాన్ బ్రూమాన్‌ది.

స్తెల్లాన్ తన ఊరి మున్సిపాలిటీలో ప్రక్రియల మెరుగుదల అధికారి. (అంటే ఏమిటని అడిగితే ఓపిగ్గా చెప్పేవాడు. విన్నవాళ్ళు రెండోసారి అడిగేవారు కారు.) ఎవరైనా ఒక పనిని ఒక్కరే, ఒక్క పూటలో చేసేస్తున్నారని తెలిస్తే అతని విభాగం వెంటనే జోక్యం చేసుకుని, ఆ పనికి ఒక ప్రాథమిక అధ్యయనాన్నీ ఒక కార్యబృందాన్నీ ఒక మధ్యంతర నివేదికనూ సమకూర్చిపెట్టేది. ఇంటి దగ్గర అతను బ్యోర్క్‌బాకెన్ హౌసింగ్ సొసైటీకి గాలి బాధ్యుడు. ఆ దేశంలో అపార్టుమెంటు భవనాలన్నీ తమ గాలిని ఎప్పటికప్పుడు అధికారికంగా పరీక్ష చేయించుకోవాలి గనక ఆ పని చూడ్డానికి ఒకడు కావాలి. ఎన్నిక జరుగుతున్న సమయంలో స్తెల్లాన్ అందరికీ కాఫీ తేవడానికి పక్కగదిలోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఏకగ్రీవంగా ఎన్నికై ఉన్నాడు.

ఇంతటి గాలి పరిజ్ఞానం గల మనిషి ఇంట్లో కంప్యూటర్ ఉడికిపోతోందంటే, అదీ చలికి సైకిల్ తాళాలు బిగుసుకుపోయే ఫిబ్రవరిలో ఉడికిపోతోందంటే, అది అతను పదిమందిలో చెప్పుకోగలిగిన విషయం కాదు.

అది ఆటల కోసం కొన్న కంప్యూటర్. పెద్ద నల్ల పెట్టె. ముందు గాజు, పక్కన గాజు, లోపల రంగులు మార్చుకునే దీపాలు. గాజులోంచి గాలి రాదని స్తెల్లాన్‌కి తెలుసు. మూసిన కిటికీల గురించి మున్సిపాలిటీ తరఫున ఒక కరపత్రం కూడా రాశాడు. కానీ దుకాణంలో ఆ దీపాలు ఊదారంగులోంచి నీలంలోకి మారుతున్నప్పుడు యాభై మూడేళ్ళ స్తెల్లాన్ కరపత్రం సంగతి మరిచిపోయాడు. తెచ్చి, బట్టలు పెట్టుకునే చిన్న గదిలో పెట్టుకున్నాడు. ఆ గదికి కిటికీ లేదు, గోడ పైన గాలి లాగే కన్నం ఒకటి మాత్రం ఉంది. విడాకుల తర్వాత ఆ గదిలో సగం అరలు ఖాళీ అయ్యాయి. వాటిని ఏదో ఒకదానితో నింపాలి కదా.

అసలు ఆ కంప్యూటర్ కొన్నది గురువారాల కోసం. అతని కూతురు సిగ్నె, పదిహేడేళ్ళది, తల్లితో కలిసి ఎక్కడో ఉత్తరాన ఊమెయోలో ఉంటుంది. ప్రతి గురువారం సాయంత్రం తండ్రీ కూతుళ్ళు ఒక ఆటలో కలుసుకుంటారు. అందులో వాళ్ళదొక దండు. సిగ్నె ఆ దండుకి నాయకురాలు. మిగతావాళ్ళు నలుమూలల నుంచి చేరిన అపరిచితులు, వాళ్ళలో రాటర్‌డామ్ దంతవైద్యుడు ఒకాయన మంచి విలుకాడు. స్తెల్లాన్ పని డాలు పట్టుకుని అందరికంటే ముందు నిలబడటం. రాక్షసుడు అతన్ని కొడుతూ ఉంటాడు, అతను పడిపోకుండా ఉంటే వెనకున్నవాళ్ళు తమ పని తాము చేసుకుంటారు. ఉన్నచోటే ఉండి దెబ్బలు తినడమే అర్హత అయిన ఈ పదవికి మున్సిపాలిటీ అనుభవం బాగా పనికొచ్చింది.

నిజానికి అతనికి ఆట ముఖ్యం కాదు. ఆట ముగిశాక దండంతా వెళ్ళిపోయి ఇద్దరే మిగులుతారు. అప్పుడు సిగ్నె మాట్లాడుతుంది. ఫిజిక్స్ మాస్టారి గురించి, డ్రైవింగు పాఠాల గురించి, అమ్మ కొత్త స్నేహితుడు వండే చేపల గురించి. ఫోన్ చేసి ఎలా ఉన్నావమ్మా అని అడిగితే, “బాగానే ఉన్నా,” అని ఒక్క ముక్కలో తేల్చేసే పిల్ల, ఒక రాక్షసుణ్ణి చంపాక మాత్రం అరగంట ఆగకుండా చెబుతుంది. దీనికి కారణమేమిటో స్తెల్లాన్ అధ్యయనం చెయ్యలేదు. అతను అధ్యయనం చెయ్యకుండా వదిలేసిన విషయం జీవితంలో అదొక్కటే.

చిక్కల్లా మెట్ల దగ్గర కనిపించిన ఒక కాగితంతో మొదలైంది. ఆ భవనంలో ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. చెప్పవలసింది ఉంటే కాగితం మీద రాసి అందరూ చూసేలా అంటిస్తారు. దాని మీద ఇలా ఉంది: “మన భవనంలో ఎవరింట్లోనో గురువారాలు హెలికాప్టర్ దిగుతోంది. అది మళ్ళీ ఎగిరిపోతే సంతోషిస్తాం. ఇట్లు, గున్‌వోర్ అస్ప్‌లుంద్, అధ్యక్షురాలు.”

గున్‌వోర్ రిటైరైన ఓడరేవు అధికారిణి. స్తెల్లాన్ బట్టల గదికీ ఆమె స్నానాల గదికీ మధ్య గోడ ఒకటే. స్తెల్లాన్ కాగితాన్ని శ్రద్ధగా చదివి, ఎవరో పాపం అనుకుంటున్నట్టు తల ఊపి, ఇంట్లోకి వెళ్ళి కంప్యూటర్ని తన తల్లి ఇచ్చిన ఓక్ చెక్క బీరువాలో పెట్టి తలుపు మూసేశాడు. హెలికాప్టర్ ఎగిరిపోయింది.

ఆ గురువారమే, పోరు మంచి పట్టుమీద ఉండగా, కంప్యూటర్ టక్కున ఆరిపోయింది. బీరువా తెరిస్తే రొట్టెల పొయ్యి తెరిచినట్టు ముఖానికి సెగ కొట్టింది. వెంటనే ఫోన్ మోగింది.

“నాన్నా, ఏమైపోయావ్?”

“ఆగిపోయిందమ్మా. వేడెక్కింది.”

“నువ్వు మాయమవగానే రాక్షసుడొచ్చి దంతవైద్యుణ్ణి మింగేశాడు. ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు, డచ్చిలో. పెట్టె తెరిచి చూశావా?”

“ముందు పరిస్థితిని అంచనా వెయ్యాలి కదా.”

“తెరిచి చూశావా అని అడుగుతున్నా.”

“దేనికైనా ఒక క్రమం ఉంటుంది సిగ్నే.”

అవతల నిట్టూర్పు వినిపించింది. పై వారమూ అలాగే జరిగింది. ఆ పై వారం దంతవైద్యుడు ముందుగానే వెనక్కి జరిగి నిలబడ్డాడు, అయినా లాభం లేకపోయింది. మర్నాడు దండు నాయకురాలి నుంచి స్తెల్లాన్‌కి అధికారిక నోటీసు వచ్చింది. “సభ్యుడు స్తెల్లాన్ పదేపదే పోరు మధ్యలో మాయమగుచున్నందున అతనిని అదనపు ఆటగాళ్ళ జాబితాకు మార్చడమైనది. యంత్రం పూర్తి పోరుకు తట్టుకోగలదని రుజువు చేసినచో నిర్ణయాన్ని పునఃపరిశీలించగలము.” కింద అప్పీలు విధానం కూడా రాసి ఉంది. స్తెల్లాన్ చదివి, తన పెంపకం వృథా పోలేదని గర్వపడ్డాడు. తర్వాత మళ్ళీ చదివి, అది తన గురించేనని గ్రహించి కూలబడ్డాడు.

ఇక ఉపేక్షించడానికి వీల్లేదని కార్యబృందాన్ని నియమించాడు. బృందంలో సభ్యుడు అతనొక్కడే. అధ్యక్ష స్థానానికి పోటీ లేదు. బృందం మొదట ఇంటర్నెట్‌లో నిపుణులుండే వేదికని సంప్రదించింది. తన పెట్టె ఫొటో పెట్టి, గాలి ప్రసరణ మెరుగుపరిచే మార్గాలు తెలుపగలరని వినయంగా కోరాడు. మొదటి నిపుణుడు, “ముందు భాగం గాజా? నువ్వు కొన్నది కంప్యూటర్ కాదు బాబూ, అక్వేరియం. చేపలెక్కడ?” అన్నాడు. రెండో నిపుణుడు లోపలికొచ్చే గాలి ఎక్కువుండాలన్నాడు. మూడోవాడు బయటికి పోయేది ఎక్కువుండాలన్నాడు. నాలుగోవాడు ఆ ఇద్దరి తల్లిదండ్రుల గురించి ఏదో అన్నాడు. అంతటితో ఆ చర్చని నిర్వాహకులు మూసేశారు. స్తెల్లాన్‌కి ఈ పద్ధతి పూర్తిగా పరిచితమే. ఆఫీసులో ఇదే పనికి వాళ్ళు కాన్ఫరెన్స్ హాలు అద్దెకి తీసుకుంటారు.

చివరికి అతను కొత్త ఫ్యాన్లు తెప్పించి, పెట్టె నిండా బిగించాడు. కంప్యూటర్ ఇంకా త్వరగా ఆరిపోసాగింది. అప్పుడు అతనికి తన పదవి గుర్తొచ్చింది. భవనాల గాలిని పరీక్షించేటప్పుడు పల్చటి కాగితం ముక్క కన్నం దగ్గర పట్టుకుంటారు. కాగితం అటు అంటుకుంటే గాలి పోతున్నట్టు, ఇటు రెపరెపలాడితే వస్తున్నట్టు. స్తెల్లాన్ టాయిలెట్ కాగితం చింపి ఒక్కో ఫ్యాన్ దగ్గరా పట్టుకున్నాడు. ప్రతి ఫ్యానూ కాగితాన్ని లోపలికే లాగింది. తను బిగించిన ఫ్యాన్లన్నీ లోపలికే ఊదుతున్నాయి. రావడానికి అన్ని దారులూ ఉన్నాయి, పోవడానికి ఒక్కటీ లేదు. అచ్చం అలాంటి ఏర్పాటునే ఫిర్యాదుల విభాగానికి రూపొందించినందుకు అతనికి ఆఫీసులో ప్రశంసాపత్రం ఇచ్చారు.

(వాటిలో సగం తిప్పి బిగిస్తే సరిపోయేది. కానీ అలా చేస్తే మొదట బిగించింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. తప్పులు ఒప్పుకునే ప్రక్రియని అతని విభాగం ఇంకా రూపొందించలేదు.)

ఈలోగా కొత్త ఫ్యాన్ల మోత బీరువా తలుపుని దాటింది. గున్‌వోర్ అత్యవసర సమావేశం పిలిచింది. కింది అంతస్తు సెల్లార్లో ఉన్ని కోట్లు వేసుకుని అందరూ కూర్చున్నారు. ఇంధనం ఆదా కోసం సొసైటీ ఆ చలికాలం హీటర్లని బాగా తగ్గించింది, అది కూడా గున్‌వోర్ పట్టుబట్టి చేయించిందే.

“హెలికాప్టర్ మళ్ళీ వచ్చింది,” అంది గున్‌వోర్. “ఈసారి రెండు వచ్చినట్టున్నాయి. మోత అన్నది గాలి యంత్రాల వ్యవహారం గనక, దీన్ని గాలి బాధ్యుడు విచారించాలి. ఏం నాయనా స్తెల్లాన్, చేస్తావా?”

అందరూ అతని వైపు చూశారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం రాదని అతనికి తెలుసు.

“తప్పకుండా గున్‌వోర్ గారూ,” అన్నాడు. “నిష్పక్షపాతంగా విచారిస్తాను.”

అలా స్తెల్లాన్ బ్రూమాన్ తన మీద తనే విచారణ అధికారిగా నియమితుడై, ఇంటింటికీ తిరిగాడు. “మీకు ఏ రకం శబ్దం వినిపిస్తోంది? ఎప్పుడు? మీకెవరి మీదైనా అనుమానమా?” అని ముఖంలో రంగు మారకుండా అడిగాడు. విచారణ అనుకున్నదానికంటే చాలా కాలం పట్టింది. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు, దాల్చినచెక్క రొట్టె ఇచ్చారు. కింది ఫ్లాట్లో ఉండే ముసలాయన తను చేసిన బొమ్మ రైళ్ళన్నీ పట్టాల మీద నడిపి చూపించాడు. మధ్యంతర నివేదికలో స్తెల్లాన్ ఇలా రాశాడు: “శబ్దానికి మూలం ఇంకా నిర్ధారణ కాలేదు. అది భవనం లోపలిదే అయి ఉండవచ్చుననే అవకాశాన్ని తోసిపుచ్చలేము.” ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధం లేకుండా నిజం చెప్పకపోవడం ఎలాగో అతనికి ఉద్యోగం నేర్పింది.

నివేదిక ఇచ్చాక ధైర్యం వచ్చింది. బీరువా వెనక చెక్కకి గుండ్రటి కన్నం కోసి, దానికి వంటింటి పొగ గొట్టంలాంటి మెత్తటి గొట్టం ఒకటి తగిలించి, రెండో కొసని గోడ పైన గాలి కన్నంలోకి దూర్చి, మధ్యలో బలమైన ఫ్యాన్ ఒకటి పెట్టాడు. ఇలా చెయ్యరాదని సొసైటీ గాలి నిబంధనల్లో స్పష్టంగా ఉంది. (ఆ నిబంధన రాసిందెవరో చెప్పనక్కర్లేదు.) కంప్యూటర్ చల్లబడింది. బీరువా తలుపు వేసి ఉన్నా పోరంతా నిలబడింది. అప్పీలు నెగ్గింది, డాలు మళ్ళీ అతని చేతికొచ్చింది. దంతవైద్యుడు కూడా మెచ్చుకున్నాడు. ఆ రాత్రి మాటల్లో సిగ్నె తన డ్రైవింగు మాస్టారి పిల్లికూతల్లాంటి నవ్వుని అనుకరించి చూపిస్తే స్తెల్లాన్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఆ వేడి ఎక్కడికి పోతోందన్నది కార్యబృందం పరిధిలోకి రాని అంశం.

అది గున్‌వోర్ స్నానాల గదిలోకి పోతోంది. రెండు ఫ్లాట్లకీ గోడలో గొట్టం ఒకటే. స్తెల్లాన్ ఇటు నుంచి ఊదితే అటు కన్నంలోంచి వెచ్చటి గాలి దిగుతోంది. భవనమంతా వణుకుతున్న ఆ చలిలో గున్‌వోర్ తువ్వాళ్ళు ఆరుతున్నాయి, అద్దం మీద తేమ పట్టడం లేదు. తర్వాతి సమావేశంలో ఆమె లేచి నిలబడి, గాలి బాధ్యుడి చర్యల ఫలితంగా భవనంలో వాతావరణం మెరుగుపడిందని ప్రకటించింది. చప్పట్లు కొట్టారు. స్తెల్లాన్ కూడా కొట్టాడు, కొట్టకపోతే అనుమానిస్తారని.

మూడో గురువారం తర్వాత ఆమె మెట్ల మీద ఎదురుపడింది.

“ఒక్క లోపముంది నాయనా. గురువారం నేను తొట్టె స్నానం చేస్తాను. ఎనిమిదింటి దాకా బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ తర్వాత చల్లబడిపోతోంది. నీ గాలి యంత్రం అప్పుడేం చేస్తోంది?”

“అప్పుడు... దాని మీద పెద్దగా భారం ఉండదు. నేను ఒకరితో మాట్లాడుతూ ఉంటాను.”

“మాటలు వేడి పుట్టించవు నాయనా,” అంది గున్‌వోర్.

సొసైటీ కార్యవర్గం తీర్మానం చేసింది. గురువారం రాత్రి పది గంటల వరకు వేడి అంతరాయం లేకుండా సరఫరా కావాలి. స్తెల్లాన్ అభ్యంతరం చెప్పలేదు. చెబితే ఆ వేడి ఏమిటో చెప్పవలసి వస్తుంది. కంప్యూటర్‌ని కావాలని కాగబెట్టే పరీక్ష ప్రోగ్రాం ఒకటి దొరికింది. ఆ పై గురువారం ఆట ముగియగానే దాన్ని నడిపించాడు. చల్లబరచడానికి నెలల తరబడి పాటుపడ్డ యంత్రాన్ని స్వహస్తాలతో వేడిచేస్తూ కూర్చున్నాడు. ఫ్యాన్లు గోల పెట్టాయి. సిగ్నె గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

“నాన్నా... నీకొకటి... అను...”

“వినపడ్డం లేదమ్మా, మళ్ళీ చెప్పు!”

“నీ దగ్గర... ఏమిటా మోత... సరేలే. ఏం లేదులే. ఉంటా.”

తెర మీద ఆమె పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోయింది.

స్తెల్లాన్ కొంచెంసేపు ఆ చుక్క ఉన్నచోటే చూశాడు. గోడ అవతల నీళ్ళ చప్పుడు, గున్‌వోర్ కూనిరాగం వినిపిస్తున్నాయి. అతను లేచి ప్రోగ్రాం ఆపాడు. గొట్టం పీకేశాడు. బీరువాలోంచి పెట్టెని బయటికి లాగి, ముందున్న గాజు ఊడదీసి మంచం కింద పెట్టాడు. వెనకా పైనా ఉన్న ఫ్యాన్లు విప్పి, తిప్పి బిగించాడు. అధ్యయనం లేదు, బృందం లేదు, ఎవరి ఆమోదమూ లేదు. మొత్తం పని ఒక కప్పు కాఫీ చల్లారేలోపు అయిపోయింది. కాగితం ముక్క ముందు పెడితే లోపలికి పోయింది, వెనక పెడితే బయటికి ఎగిరింది. తర్వాత సిగ్నెకి ఫోన్ చేశాడు.

“ఏం చెప్పాలనుకున్నావమ్మా?”

“ఏం లేదన్నాగా.”

“ఇప్పుడు మోత లేదు. విను, ఎంత నిశ్శబ్దంగా ఉందో.”

అవతల సిగ్నె కుర్చీ ముందుకి జరుపుకున్న చప్పుడు కూడా వినిపించింది.

“డ్రైవింగు పరీక్ష పోయింది నాన్నా. ఆగి ఉన్న బస్సుకి దారిచ్చి, అది కదిలేదాకా అలాగే ఎదురుచూస్తూ కూర్చున్నా. అందులో డ్రైవరే లేడట. అమ్మకింకా చెప్పలేదు.”

“ఎంతసేపు ఎదురుచూశావ్?”

“చాలాసేపు. బయల్దేరబోయే బస్సుకి దారివ్వాలి, నియమం అదేగా!”

“అదే,” అన్నాడు స్తెల్లాన్. “నేనైనా అంతే చేసేవాణ్ణి.”

“అదే నా భయం,” అని సిగ్నె ఏడుపూ నవ్వూ కలిపి నవ్వింది.

ఆ వారాంతపు సమావేశంలో స్తెల్లాన్ లేచి నిలబడి చెప్పేశాడు. హెలికాప్టర్ తనదేనని, అది కంప్యూటరని, వేడి కూడా దానిదేనని, ఇక రాదని, గురువారాలు కూతురితో మాట్లాడుకోవాలని, గాలి బాధ్యుడిగా రాజీనామా చేస్తున్నానని. చెప్పి, తిట్ల కోసం ఎదురుచూశాడు.

“కంప్యూటరని మాకు తెలుసుగా,” అన్నాడు బొమ్మ రైళ్ళ ముసలాయన, రొట్టె అందుకుంటూ. “విచారణకి ముందే తెలుసు.”

“గోడ అవతల నుంచి ‘డాలు, డాలు’ అని అరుస్తావు కదా,” అంది గున్‌వోర్. “ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళతో కత్తులు తిప్పుకుంటున్నావనుకున్నాం. కూతురని చెప్పి ఉంటే నా స్నానం బుధవారానికి మార్చుకునేదాన్ని కదా.”

“తెలిసి మరి విచారణ నాకే ఎందుకిచ్చారు?”

గున్‌వోర్ మిగతావాళ్ళ వైపు చూసింది. ఎవరూ తల ఎత్తలేదు.

“నువ్వు విడాకులయ్యాక ఒక్కరింటికీ రాలేదు నాయనా. కాఫీకి రమ్మంటే రావు. అదే డ్యూటీ అని చెబితే వస్తావని అనుకున్నాం.”

రాజీనామాను సభ ఏకగ్రీవంగా తిరస్కరించింది. గున్‌వోర్ చెప్పిన ఆ మాట మాత్రం మినిట్సులో ఎక్కడా లేదు. మినిట్సు రాసింది స్తెల్లానే.